కామన్ నేమ్ బుల్లబ్బాయి

ఆ రోజుల్లో మనిషికి ఏ పని వచ్చునని ఎవరూ అడిగేవారు కాదు, ఏ సర్టిఫికెట్ ఉందని అడిగేవారు. ఇప్పుడూ అంతే అనుకోండి, కాకపోతే ఇప్పుడు నన్ను అడిగేవాళ్ళు లేరు. మొన్న మా పక్క వాటాలో దిగిన సాఫ్ట్‌వేరు అబ్బాయితో మాటల్లో, ఒకప్పుడు నేను ఒక సర్వరుకి ఎస్సెస్సెల్ సర్టిఫికెట్ పెట్టడానికి ఐదు రోజులు తపస్సు చేశానని చెబితే, "అదెంతండీ, ఒక కమాండు కొడితే రెండు నిమిషాల్లో దానంతటదే వచ్చేస్తుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అబ్బాయి మంచివాడే, ఉన్నమాటే అన్నాడు. అయినా మండింది. (తాను మోకాలిలోతు బురదలో నడిచిన దారిలో తర్వాత సిమెంటు రోడ్డు పడితే సంతోషించాలి గాని, ఆ రోడ్డు మీద పోయేవాడి చెప్పులు శుభ్రంగా ఉన్నాయని ఉడుక్కోకూడదు. తెలుసు. ఉడుక్కుంటాను.) అందుకే ఆ ఐదు రోజుల సంగతి ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇది నా చిన్ననాటి ముచ్చట అంటే మీరు నవ్వొచ్చు, ఎందుకంటే అప్పటికి నాకు నలభై దాటాయి. కాని కంప్యూటర్ల ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది, ఆ లెక్కన పసివాణ్ణే. అంతకుముందు ఇరవై ఏళ్ళు టైపు మిషన్ల మధ్య గడిపాను. ఇంటర్మీడియెట్ లెక్కల పరీక్ష మూడుసార్లు రాసి, మూడుసార్లూ తప్పి, నాలుగోసారి ఆ మాటెత్తకుండా టైపు ఇన్‌స్టిట్యూటులో చేరిపోయాను. తర్వాత కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లను మింగేశాయి. అప్పుడు రాజమండ్రి ఫుట్‌పాత్ మీద దొరికిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ సొంతంగా నేర్చుకున్నాను. నాకు గురువంటూ ఉంటే ఆ నిఘంటువే. అది నాకు చేసిన మేలు చాలా ఉంది. ద్రోహం మాత్రం ఒక్కసారే చేసింది.

కాకినాడలో ఒక మందుల షాపు పైన మా ఆఫీసు. రొయ్యలూ చేపలూ ఎగుమతి చేసే కంపెనీలకి సాఫ్ట్‌వేరు తయారుచేసేవాళ్ళం. ఏ పడవలోంచి ఏ సరుకు దిగింది, ఏ కోల్డ్ స్టోరేజీలో ఏ పెట్టె ఉంది, అలాంటివి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఏడుగురు ఇంజనీర్లు. నేను రాసేవాణ్ణి కాదు, మిషన్లు చూసుకునేవాణ్ణి. ఆ మిషన్లలో ఒకదాని పేరు చాలా పొడుగు, కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ సర్వరు. మేం మాత్రం దాన్ని గ్రైండరు అనేవాళ్ళం. ఏడుగురిలో ఎవరు ఏ ముక్క రాసి వేసినా, అది వెంటనే అందరి ముక్కలూ కలిపి రుబ్బి, పిండి సవ్యంగా వచ్చిందో లేదో చూసి, రాయి తగిలితే ఆ రాయి ఎవరు వేశారో పేరుతో సహా ఎర్ర అక్షరాలతో ఒక పేజీ మీద పెట్టేది. పాత విడిభాగాలన్నీ పోగేసి దాన్ని నేనే బిగించాను, నేనే నడిపాను. యూపీఎస్ పక్కన దానికో చిన్న గది ఉండేది. తలుపు మీద "నన్నడిగి ముట్టుకోవలెను" అని నా దస్తూరీతో చీటీ ఉండేది. ఇంజనీర్లలో పెద్దవాణ్ణి అందరం గోల్డ్ మెడల్ అనేవాళ్ళం. ఆ మెడల్ నిజంగానే ఉంది, అతని బల్ల మీద పెన్నుల స్టాండుకి వేలాడుతూ ఉండేది. పాతికేళ్ళవాడు, చురుకైనవాడు. నన్ను "అంకుల్" అనేవాడు. గ్రైండరు ఎప్పుడు మొరాయించినా, "అంకుల్, మీరు కోర్సు ఎక్కడ చేశానన్నారూ?" అని అడిగేవాడు, జవాబు తెలిసి కూడా.

హార్బరు దగ్గర ఒక ఎగుమతి కంపెనీ మా దగ్గర సాఫ్ట్‌వేరు చేయించుకునేది. పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వాళ్ళు కూడా పాస్‌వర్డ్ కొట్టి మా గ్రైండరు పేజీ తెరిచేవారు. వాళ్ళకి తనిఖీలు చూసే ఒక మేడమ్ ఉండేవారు. ఆవిడ ఒక సోమవారం మాకు ఉత్తరం పంపారు. ఆ పాస్‌వర్డు దారిలో ఎవరైనా చదివేయవచ్చునట, కాబట్టి ఎస్సెస్సెల్ సర్టిఫికెట్ పెట్టి పేజీకి తాళం బొమ్మ పడేలా చేయాలట, ఏ హెచ్చరికా రాకూడదట, శుక్రవారానికి అది జరక్కపోతే మా సాఫ్ట్‌వేరు తీసుకోరట. ఎండీ గారు అందర్నీ పిలిచి, "ఇదెవరు చేస్తారు?" అన్నారు.

"నేను చేస్తానండి" అన్నాను.

"సర్, హైదరాబాద్‌లో నా క్లాస్‌మేట్ ఒకడున్నాడు సర్" అన్నాడు గోల్డ్ మెడల్. "ఇదే సబ్జెక్టులో సర్టిఫికెట్ చేశాడు. సర్టిఫికెట్ పెట్టాలంటే సర్టిఫికెట్ ఉన్నవాడు కావాలి కదా సర్."

మిగతా ఆరుగురూ నవ్వారు. ఎండీ గారు నవ్వలేదు, నుదురు రుద్దుకున్నారు. "చూడండి మాస్టారూ, శుక్రవారం మధ్యాహ్నం దాకా మీకు టైమిస్తున్నాను. అవ్వలేదా, శనివారం ఆ అబ్బాయి బస్సు దిగుతాడు. దిగితే ఇక గ్రైండరు అతని చేతిలోనే ఉంటుంది. మీరు ప్రింటర్లు చూసుకుందురుగాని."

ప్రింటర్లు చూసుకోవడం చెడ్డ పనని నేననను. కాని నా చేత్తో బిగించిన మిషను గది ముందు, వేరేవాళ్ళ దస్తూరీతో ఉన్న చీటీ చదువుకుని వెనక్కి తిరగడం మాత్రం నా వల్ల కాదనిపించింది. ఆ పూటే, ఆఫీసులో ఎవరి కంటా పడకుండా నెట్ సెంటరుకి వెళ్ళి, ఈ సర్టిఫికెట్ల గురించి దొరికిన నలభై పేజీలూ ప్రింటు తీయించుకుని, కుట్టించుకుని, సంచిలో వేసుకున్నాను.

మంగళవారం పొద్దున్న పని మొదలెట్టాను. కమాండు కొట్టగానే అది రేషన్ కార్డు దరఖాస్తులాగా వరసగా ప్రశ్నలు అడిగింది. దేశం? రాశాను. రాష్ట్రం? రాశాను. ఊరు, సంస్థ, సంస్థలో శాఖ? అన్నీ రాశాను. ఆ తర్వాత వచ్చిందండీ అసలు ప్రశ్న. కామన్ నేమ్. పక్కనే బ్రాకెట్లో, ఉదాహరణకి నీ పేరు, అని కూడా ఉంది. నేను చేతులు వెనక్కి తీసుకుని ఆలోచించాను. పూర్తి పేరే కావలసి ఉంటే అన్ని దరఖాస్తుల్లోలాగా ఫుల్ నేమ్ అనే అడుగుతాడు కదా? కామన్ అన్నాడేమిటి? నిఘంటువు తీశాను. కామన్ అంటే సాధారణమైన, వాడుకలో ఉన్న. వాడుకలో ఉన్న పేరు! నాకు చటుక్కున అర్థమైపోయింది. మా గోదావరి జిల్లాల్లో మనిషికి రెండు పేర్లు, బడి రిజిస్టరులో ఒకటి, జనం నోట్లో ఒకటి. రిజిస్టరులో పేరుతో పిలిస్తే మా వీధిలో ఎవరూ పలకరు. ఆ సంగతి ఎక్కడో దూరదేశంలో కూర్చుని ఈ ప్రోగ్రాము రాసినవాడికి కూడా తెలుసు కాబోలు, ఎంత పద్ధతైన మనిషో అని మెచ్చుకుని, నన్ను పుట్టినప్పటి నుంచీ అందరూ పిలిచే పేరు ఒక్కొక్క అక్షరమే జాగ్రత్తగా కొట్టాను. బుల్లబ్బాయి. (మా పెదనాన్న కొడుకు పెద్దబ్బాయి, నేను బుల్లబ్బాయిని. తర్వాత నేను పెరిగాను, పేరు పెరగలేదు.) ఆఫీసులో ఆ పేరు ఒక్కరికీ తెలియదు. తెలియవలసిన అవసరం వస్తుందని నేనూ అనుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి, సిద్ధంగా ఉంది చూసుకోండని మేడమ్‌కి కబురు చేశాం. పది నిమిషాల్లో ఫోను వచ్చింది. ఎండీ గారు అందరికీ వినిపించేలా స్పీకరు నొక్కారు.

"పేజీ తెరిచామండీ. తాళం పడలేదండీ. ఒక పెట్టె వచ్చిందండీ, అందులో ఏదో రాసుంది. చదవమంటారా?"

"చదవండి మేడమ్."

ఆవిడ ఇంగ్లీషులో ఒకసారి చదివి, తమకి తాము నచ్చజెప్పుకుంటున్నట్టు మళ్ళీ తెలుగులో చెప్పారు. "మేము వెళ్ళాలనుకున్నది మీ సర్వరుకేనటండీ. కాని అక్కడ చూపిస్తున్న సర్టిఫికెట్ బుల్లబ్బాయి అనే ఆయనదటండీ. మన మాటలు మధ్యలో ఎవరో దొంగచాటుగా వింటూ ఉండొచ్చు, జాగ్రత్త, అంటోందండీ. ఎవరండీ ఈ బుల్లబ్బాయి? ఎందుకు వింటున్నాడండీ?"

"హ్యాకర్ సర్!" అని గోల్డ్ మెడల్ కుర్చీలోంచి లేచాడు. "లోపలికొచ్చేశాడు సర్!" పరుగున వెళ్ళి ఆఫీసు మొత్తానికి వచ్చే ఇంటర్నెట్ వైరు పీకేశాడు.

"ఎక్కడివాడంటావ్?" అన్నారు ఎండీ గారు, గొంతు తగ్గించి.

"చూడాలి సర్. యానాం సైడు వాడేమో సర్." (యానాం ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. పాపం, ఆ ఊరికి మందు చవకన్న పేరుంది, అంతే.) "పేరు పెట్టి మరీ వచ్చాడంటే వాడికి ఎంత పొగరుండాలి సర్!"

పోలీసు డిపార్టుమెంటులో తనకు తెలిసినాయన ఎవరో ఉన్నారని ఎండీ గారు, మళ్ళీ చేస్తామని మేడమ్ ఫోను పెట్టేసి, డైరీ తీశారు. అప్పటిదాకా నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఆయన నంబరు సగం తిప్పాక ఇక తప్పలేదు.

"ఆగండి. బుల్లబ్బాయిని నేనేనండి."

ఎండీ గారు రిసీవరు పట్టుకునే నావైపు చూశారు. "మీరెందుకండీ మధ్యలో వింటున్నారు?"

వినడం లేదని, ఆ ప్రోగ్రామే నన్ను కామన్ నేమ్ అడిగిందని, అడిగితేనే చెప్పానని, తప్పు దానిదేనని నేను గట్టిగానే వాదించాను. వాదిస్తున్నకొద్దీ గోల్డ్ మెడల్ నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుని, జారి, చివరికి నేల మీద కూర్చున్నాడు. ఎండీ గారు మాత్రం శాంతంగా, "మా ఇంట్లో నన్ను చిట్టి అంటారండీ. అంతమాత్రాన లెటర్‌హెడ్ మీద చిట్టి అని కొట్టించుకున్నానా?" అన్నారు. ఆ సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే ఎవరో "బుల్లబ్బాయి అవుట్" అన్నారు. వెనక్కి తిరిగి చూడలేదు.

బుధవారం పొద్దున్న కాఫీ తాగుతూ సంగతంతా మా ఆవిడకి చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి, "ఏవండీ, వాళ్ళొచ్చింది మిమ్మల్ని చూడ్డానికా, మిషన్ని చూడ్డానికా?" అంది.

"మిషన్నే."

"మరి మిషన్ పేరు చెప్పాలి గాని మీ పేరెందుకండీ చెప్పడం? మన గుమ్మంలో నిలబడి ఇదెవరిల్లండీ అని ఎవరైనా అడిగితే, తాపీమేస్త్రి పేరు చెబుతామా?"

కాఫీ గ్లాసు కింద పెట్టి ఆ నలభై పేజీలు తీశాను. నిజమే. ప్రశ్న ఉన్న పేజీకి నాలుగు పేజీల తర్వాత, కింద చిన్న అక్షరాలతో, కామన్ నేమ్ అనే చోట సర్వరు చిరునామా ఉన్నదున్నట్టుగా రాయవలెను అని ఉంది. నాలుగు పేజీల తర్వాత! మరి ప్రశ్న పక్కన నీ పేరు అని రాయడమెందుకండీ? "మీ మిషన్ పేరు" అని రాస్తే వాడి సొమ్మేం పోయింది? ఆ కోపంతోనే ఆఫీసుకి వెళ్ళి, ఆ కోపంతోనే సరైన పేరుతో ఇంకో సర్టిఫికెట్ చేశాను. ఈసారి ఎవరికీ చెప్పకుండా ముందు నేనే తెరిచి చూసుకున్నాను. బుల్లబ్బాయి పోయాడు. కాని ఇంకో పెట్టె వచ్చింది. పేరు బాగానే ఉంది గాని, దీని మీద సంతకం చేసినవారు ఎవరో మాకు తెలియదు, అంది.

ఈ మెలిక నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే దీంతో నాకు పాత పరిచయం ఉంది. మార్కుల జాబితా నకలు మీద ఎవరి సంతకం వాళ్ళే పెట్టుకుంటే ఏ ఆఫీసులోనూ తీసుకోరు, గెజిటెడ్ ఆఫీసరు ఒకాయన పచ్చ ఇంకుతో పెట్టాలి. బ్రౌజరూ అంతే. ఫలానా ఫలానా పచ్చ ఇంకు వాళ్ళని నమ్మవచ్చు అని దాని కడుపులో ముందే ఒక జాబితా ఉంటుంది. వాళ్ళంతా విదేశాల్లో ఉంటారు. వాళ్ళ సంతకం కావాలంటే క్రెడిట్ కార్డు ఉండాలి (మా ఆఫీసులో అప్పటికి ఒక్కరికీ లేదు), కంపెనీ కాగితాలు ఫ్యాక్సు చేయాలి, అవి చూసి వాళ్ళు మనని నమ్మేసరికి వారాలు పడుతుంది. నాకున్నవి రెండు రోజులు. "టికెట్ బుక్ చేయమని చెప్పేదా సర్?" అని గోల్డ్ మెడల్ ఎండీ గారిని అడగడం, "రేపటిదాకా ఆగు" అని ఆయన అనడం నా చెవిన పడ్డాయి. నేను గదిలోకి పోయి తలుపు వేసుకుని మొదటి పేజీ నుంచి మళ్ళీ చదవడం మొదలెట్టాను. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. వాడేవాళ్ళు కొద్దిమందే, తెలిసినవాళ్ళే అయితే, మన అథారిటీని మనమే సృష్టించుకోవచ్చునట. ఆ అథారిటీ మన సర్టిఫికెట్ మీద సంతకం చేస్తుంది. వాడేవాళ్ళ కంప్యూటర్లోని ఆ జాబితాలో దాని పేరు ఒక్కసారి చేర్పిస్తే చాలు. అంటే గెజిటెడ్ ఆఫీసర్ని మనమే నియమించుకోవచ్చన్నమాట. జీవితంలో ఒక్క సర్టిఫికెట్టూ సంపాదించలేనివాణ్ణి, గురువారం మధ్యాహ్నం మూడున్నరకి, సర్టిఫికెట్లు ఇచ్చే అథారిటీనయ్యాను. (ఎవరితోనూ అనలేదు. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి కాలరు కాస్త సర్దుకున్నాను, అంతే.)

శుక్రవారం పొద్దున్న, మేడమ్ కంప్యూటరు జాబితాలో చేర్పించడానికి ఆ అథారిటీ సర్టిఫికెట్‌ని సీడీలో ఎక్కించుకుని ఆటోలో హార్బరుకి బయల్దేరాను. మేడమ్ ఆఫీసులో ఒక పక్క ఐసు మరపట్టే మిషను హోరు, ఇంకో పక్క రొయ్యల వాసన, మధ్యలో ఆవిడ, ఆవిడ కళ్ళజోడు, వాళ్ళకున్న ఒక్క కంప్యూటరు. సీడీ పెట్టి నొక్కాను. మళ్ళీ పెట్టె వచ్చింది. అవుననేసి ముందుకు పోబోయాను, ఆవిడ నా చేతిని ఆపి మొత్తం చదివారు. (కంప్యూటరు చూపించే పెట్టెలోని మాటలన్నీ ఆఖరిదాకా చదివిన మనిషిని నా జన్మలో ఆవిణ్ణొక్కరినే చూశాను.)

"ఈ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళని సంప్రదించి, కింద ఉన్న నంబరు సరిచూసుకోమంటోందండీ."

"ఇచ్చింది నేనేనండి."

"మీరు తెచ్చిన కాగితానికి మీరే సాక్ష్యమంటే ఎలాగండీ? దారిలో మీ సీడీ ఎవరైనా మార్చేసి ఉండొచ్చు కదా. ఆటోలోనే వచ్చారా?"

"ఆటోలోనే వచ్చానండి."

"మరి!" అని ఆవిడ మా ఆఫీసుకి ఫోను కలిపి స్పీకరు నొక్కారు. "ఒంటిగంటకి నేను భోజనానికి వెళితే మళ్ళీ సోమవారమేనండీ." గడియారంలో పన్నెండూ నలభై. అవతల ఫోనెత్తింది ఎవరనుకున్నారు? గోల్డ్ మెడల్. నేను పొద్దున్న ఆ నంబరు గ్రైండరు తెర మీద తెరిచే ఉంచి వచ్చాను, కాబట్టి అతను ఆ గదిలోకి వెళ్ళి చదవాలి. ఆ నంబరు సర్టిఫికెట్‌కి వేలిముద్ర లాంటిది, అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ కలిసి మొత్తం నలభై.

"త్రీ, బీ, సెవెన్..."

"డీ అన్నారాండీ?"

"బీ అండీ."

"డీయే వినిపిస్తోందండీ నాకు. ఇక్కడ బీ ఉంది. తేడాగా ఉందండీ." ఐసు మిషను హోరెత్తిపోతోంది. మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి ఈ, సీ కలిసిపోయాయి. ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేశారు. "కుదరడం లేదండీ. వదిలేద్దాం."

"ఒక్క నిమిషమమ్మా" అని నేను ఫోను మీదకి వంగాను. "ఒరేయ్ బాబూ, అక్షరాలు వద్దు, ఊళ్ళు చెప్పు. ఏ అంటే అమలాపురం. బీ అంటే భీమవరం. సీ చింతలపూడి, డీ ద్రాక్షారామం, ఈ ఏలూరు."

"ఎఫ్ అంకుల్?"

ఎఫ్‌తో ఊరు! నేను గోదావరికి అటూ ఇటూ రెండు జిల్లాలూ మనసులో తిరిగొచ్చాను. లేదు. మేడమ్ కూడా ఫ్యాను వైపు చూస్తూ ఆలోచించి, "ఫిరంగిపురం?" అన్నారు.

"అది గుంటూరు జిల్లాదండీ. పైగా పీతో రాస్తారు." వాచీ చూసుకున్నాను. పన్నెండూ యాభై రెండు. "ఎఫ్ అంటే ఫెయిల్ అను."

"అదేంటంకుల్, బాగోదు. ఫస్టు అంటాను."

"ఫెయిల్ అనరా నాయనా. ఎంత హోరులోనైనా వినబడే మాట అది. నాకు అనుభవం."

"ఫస్టే అంటానండీ" అన్నాడు. అతను నాతో అండీ అనడం అదే మొదలు.

"ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ, నాకాకలేస్తోంది" అన్నారు మేడమ్.

"మూడు, భీమవరం, ఏడు, ఫస్టు, ఫస్టు, రెండు, ఏలూరు, సున్నా..." ఆవిడ పెన్సిలు ఒక్కొక్కదాన్నీ టిక్కు పెట్టుకుంటూ పోతోంది. నేను వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. ఒక్క అక్షరం మార్చి చదివితే చాలు, శనివారం అతని స్నేహితుడు కాకినాడలో బస్సు దిగేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. నలభయ్యీ ఆగి ఆగి, నొక్కి నొక్కి చదివాడు. "...ద్రాక్షారామం, తొమ్మిది. అయిపోయిందండీ."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని, అవును అన్నచోట నొక్కారు. పేజీ తెరుచుకుంది. ఏ పెట్టే రాలేదు. ఇద్దరం తెరవైపు చూస్తూ కూర్చున్నాం.

"తాళమేదండీ?" అన్నారు ఆవిడ.

తెరంతా పై నుంచి వెతుక్కుంటూ వస్తే, కింద కుడివైపు మూలన, చిటికెనవేలి గోరంత, పసుపుపచ్చగా కనిపించింది. ఇద్దరం ఒకేసారి వంగితే తలలు గుద్దుకోబోయాయి.

"ఇంతేనా అండీ?"

"ఇంతేనండీ."

"ఇంత చిన్నదానికా మనం ఇంత పడింది?"

"దానికేనండీ" అన్నాను. ఆవిడ నవ్వి, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకో ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని దాన్నే చూశాను. ఆఫీసుకి వచ్చేసరికి ఎండీ గారు హైదరాబాద్‌కి వద్దని చెప్పేశారు. గ్రైండరు నాదే అయింది, ఆ ఆఫీసు ఉన్నన్నాళ్ళూ నాదే. గోల్డ్ మెడల్ గది బయట నిలబడి, "ఎలా చేశారో నాకూ చూపిస్తారా మాస్టారూ?" అన్నాడు. నలభై పేజీలూ చేతిలో పెట్టి, ముందు ఇవి చదువు, అన్నాను. (అంత కటువుగా అనకుండా ఉండాల్సింది. కాని చదివాడు.)

ఇప్పుడు పక్క వాటా అబ్బాయి చెబుతున్నాడు, ఆ తాళం బొమ్మని కూడా ఈమధ్య కొన్నిచోట్ల తీసేశారట. అన్ని పేజీలకీ ఉండటం మామూలైపోయింది కాబట్టి ప్రత్యేకంగా చూపించక్కర్లేదట. న్యాయమే అయ్యుండొచ్చు. కాని కరెంటు బిల్లు కట్టడానికి ఏ పేజీ తెరిచినా, నా కళ్ళు ముందు కింద కుడివైపు మూలకే పోతాయి. అక్కడిప్పుడు గడియారం ఉంటుంది. ఎలాగూ అంతదూరం వెళ్ళాను కదా అని, టైమెంతయిందో చూసుకుని వస్తాను.